పిప్పెట్టు ఎంగిలి

అబిడ్స్ నుంచి నాంపల్లి స్టేషన్ దాకా ఎన్ని రక్తపరీక్షల గదులున్నాయో అన్నీ గాలించినా, రామచంద్రమూర్తి నోటికి సాటి వచ్చే నోరు ఇంకొకటి దొరికేది కాదు. ఇది తిండి సంగతీ కాదు, తిట్ల సంగతీ కాదు. గాజు గొట్టం ఒక కొస పెదాల మధ్య పెట్టుకుని, రెండో కొస సీరంలో, అంటే రక్తం మీద తేలే తేటలో ముంచి, ఊపిరితో పైకి లాగి, సరిగ్గా గొట్టం మీది గీత దగ్గర ఆపే సంగతి. ఆ గొట్టాన్ని పుస్తకాల్లో పిపెట్ అంటారు. ల్యాబుల్లో అందరూ పిప్పెట్టు అనే అంటారు. మూర్తి పిప్పెట్టు నోట పెట్టుకుంటే పక్కగదిలో బల్ల కూలినా గీత చెదిరేది కాదట. కళ్ళు మూసుకుని లాగేవాడట. పద్దెనిమిదేళ్ళ ఉద్యోగంలో ఒక్క చుక్క, ఒక్కటంటే ఒక్క చుక్క, ఆయన నాలుకకి తగల్లేదు. ఈ మాట ఎక్కడైనా రాసిపెట్టుకోండి. పెన్సిలుతో రాసుకుంటే మంచిది.

మూర్తిది కాకినాడ. రెండు రాష్ట్రాలూ కలిసిన ఏడాది ఒక ట్రంకు పెట్టెతో, ఒక మడత మంచంతో నాంపల్లి స్టేషన్లో దిగాడు. అబిడ్స్‌లో ఒక సందు లోపల డాక్టరుగారొకరు రక్తం, మూత్రం, కఫం పరీక్షలు చేసే గది నడిపేవారు. అందులో చేరి, పదేళ్ళు తిరిగేసరికి ఆ గదికి పెద్ద టెక్నీషియన్ అయ్యాడు, ఊళ్ళో ల్యాబు టెక్నీషియన్ల సంఘానికి కార్యదర్శీ అయ్యాడు. సంఘం అంటే మరీ పెద్దగా ఊహించుకోకండి. ఎవరికైనా బదిలీ అయితే దండ వేసేది, ఎవరైనా రిటైరైతే శాలువా కప్పేది.

ఆ గదిలోకి రెండేళ్ళ క్రితం అహల్య వచ్చింది. పాత హైదరాబాదు వాళ్ళ కోడలు. మొగుడు సదాశివ ఉస్మాన్‌గంజ్‌లో పప్పుల కొట్టులో గుమాస్తా. పని నేర్పింది మూర్తే. "ఊపిరి పొట్టలోంచి కాదమ్మా, బుగ్గలోంచి లాగాలి. మజ్జిగ తాగుతున్నట్టు కాదు, ముద్దు పెడుతున్నట్టు," అని చెప్పి, చెప్పాక తనే సిగ్గుపడ్డాడు. అహల్య నవ్వి, నేర్చుకుంది. ఆర్నెల్లు తిరిగేసరికి ఆమె చేసిన పరీక్షని డాక్టరుగారు మళ్ళీ సరిచూడడం మానేశారు.

వానాకాలంలో ఒకనాడు టైఫాయిడ్ క్రిములు పెంచిన నీళ్ళు లాగుతుంటే, గొట్టం పైకొసన పెట్టిన దూదిని దాటి ఏదో నోట్లోకి వచ్చింది. అహల్య గబగబా ఉమ్మేసి పుక్కిలించింది. మూర్తి నవ్వాడు. "ఇవాళ్టితో నువ్వు అసలైన ల్యాబు మనిషివయ్యావు," అన్నాడు. అప్పట్లో ల్యాబుల్లో అందరూ అనే మాటే అది. తరవాత ఆమెకి జ్వరం వచ్చింది. దవాఖానలో పడుకుంది, జుట్టంతా ఊడింది, దీపావళికి గాని లేచి కూర్చోలేదు. మూర్తి చూడడానికి వెళ్తే మంచంలోంచే అడిగింది: "సార్, నా మైక్రోస్కోపు మీద ఎవ్వలన్నా కూసున్నరా?"

ఆ ప్రశ్న మూర్తి వెంటపడింది. బస్సులో, బజార్లో, చివరికి సంధ్యవార్చుకునేటప్పుడు కూడా.

సంక్రాంతి వెళ్ళాక ఒక ఉదయం, అహల్య అత్తగారు ప్రభావతమ్మ ల్యాబుకి వచ్చింది. గట్టి మనిషి. చెప్పులు గుమ్మం బయట విడిచి, లోపల ఉన్న సీసాలన్నిటినీ ఒకసారి కలయజూసింది.

"నమస్తే సారూ. మా కోడలు మల్ల కొలువుకి వస్తనంటున్నది. నేను పంపనంటున్న. గదే చెప్పి పోదామని వచ్చిన."

"అలా అనకండమ్మా. అహల్యలాంటి చెయ్యి మాకు మళ్ళీ దొరకదు."

"చేతి ముచ్చట గాదు సారూ, నోటి ముచ్చట. జరం నోట్లకెల్లి పోయింది, చేతులకెల్లి గాదు."

"ఇకనుంచి నోటితో లాగక్కర్లేదండీ. రబ్బరు బుడ్డలొచ్చాయి. గొట్టం కొసకి తగిలించి నొక్కి వదిలితే అదే లాగుతుంది. గవర్నమెంటు వాళ్ళే ఇస్తామంటున్నారు."

"మంచిది. మీరు వాడుతరా?"

మూర్తి చేతిలోని పిప్పెట్టుని గబుక్కున బల్ల మీద పెట్టేశాడు.

"ఔ, గదే. ఆమె ఒక్కతె బుడ్డ పట్టుకుంటే మీరంత నవ్వుతరు. ఒక దినం చూస్తది, రెండు దినాలు చూస్తది, పడేసి మల్ల నోట్లనే పెట్టుకుంటది. జరానికి ఓర్సుకున్నది గాని నవ్వులాటకి ఓర్వది మా పిల్ల. మీ సంఘంల అందరు నోట్లకెల్లి గొట్టం తీసిన్నాడు కబురు పంపుండ్రి. నేనే తోలుకొచ్చి దింపుత."

డాక్టరుగారు అంతా విని, "నుమాయిష్ అయ్యేదాకా చూస్తానయ్యా మూర్తీ. ఆ తరవాత ఇంకొకరిని పెట్టుకోక తప్పదు," అన్నారు. అదీ గడువు. నుమాయిష్ అంటే నాంపల్లి మైదానంలో ఏటా జరిగే ఎగ్జిబిషన్. అది అప్పటికే మొదలైపోయింది.

గవర్నమెంటు వాళ్ళు అని మూర్తి అన్నది ఆరోగ్య శాఖలో పనిచేసే వామన్‌రావు గురించి. తాతల నాటినుంచి హైదరాబాదు మనిషి. ఫైలు మీద సంతకం పెట్టే ముందు కూడా పాన్ దవడ మార్చేవాడు. ల్యాబుల్లో పనిచేసేవాళ్ళకి జబ్బులు అంటుకోకుండా ఏదో ఒకటి చెయ్యాలని పైనుంచి ఆయనకి ఉత్తర్వు వచ్చింది. ఆయన తిన్నగా సంఘం దగ్గరికొచ్చాడు.

"సర్కారు చెప్తే మీ వాళ్ళు వినరు మూర్తిసాబ్. మీరు చెప్తే వింటరు గాని మీ తాన సామాను లేదు. బుడ్డలు మావి, మాట మీది. నుమాయిష్‌ల ఒక దుకాణం పెడదాం. బోర్డు మీద రెండు పేర్లు రాపిద్దాం. ఏమంటరు?"

మూర్తి ఒప్పుకున్నాడు. సంఘం అధ్యక్షుడు సోమయాజులు ఒప్పుకోలేదు. అమలాపురం ప్రాంతపు వైదికుల ఇంటివాడు, నాంపల్లి స్టేషనెదురుగా ఒక ల్యాబులో పెద్దవాడు. రబ్బరు బుడ్డని చేతిలోకి తీసుకుని చెవి దగ్గర పెట్టుకుని నొక్కాడు.

"ఒరేయ్ మూర్తీ, నేను ల్యాబులో పనిచేస్తున్నానా, రిక్షా తొక్కుతున్నానా? ఈ హారను నాకెందుకురా? ముప్పై ఏళ్ళనుంచి ఈ నోటితో లాగుతున్నాను. ఒక్క చుక్క తగిలితే ఒట్టు."

సంఘంలో తతిమ్మా వాళ్ళూ అదే ఒట్టు పెట్టుకున్నారు. బుడ్డకి ఆ రోజునుంచీ హారను అనే పేరు స్థిరపడింది.

దుకాణానికి పోస్టరు కావాలి. రాసే పని మూర్తి మీద పడింది. వామన్‌రావు ఇచ్చిన ఇంగ్లీషు కాగితాన్ని ముందు పెట్టుకుని ఒక ఆదివారమంతా కూర్చుని, అందులోని బయలాజికల్ సేఫ్టీకి చక్కటి మాట ఒకటి పుట్టించాడు: జీవ భద్రత. "జీవ భద్రత మనందరి బాధ్యత. వివరములకు లోపలికి రండి." తన మాటకి తనే మురిసిపోయి, వామన్‌రావు ఊళ్ళో లేకపోయినా ఆగకుండా అచ్చు వేయించి, నాంపల్లి స్టేషన్ గోడనుంచి ఎగ్జిబిషన్ గేటు దాకా అంటింపజేశాడు.

మొదటి సాయంత్రం టెక్నీషియన్ ఒక్కడూ రాలేదు. భుజాన గొంగడి వేసుకున్న ఇద్దరు మనుషులొచ్చారు.

"సారూ, జీవాలకి మందు ఇస్తున్నరంట గదా?"

"ఏ జీవాలకయ్యా?"

"గొర్లకు సారూ. ఇంకేం జీవాలుంటయ్? మేకలకి గూడ ఇస్తరా?"

మర్నాటికి మాట పాకింది. మూడోనాటికి గేటు దగ్గర ఏకంగా ఒక మందే నిలబడింది. ముందు ఒక పొట్టేలు, వెనక నలభై గొర్రెలు. టిక్కెట్లు చింపేవాడు గొర్రెకి పూర్తి టిక్కెట్టా, అర టిక్కెట్టా అని కనుక్కోడానికి లోపలికి పరిగెత్తాడు. అతను వచ్చేలోగా పొట్టేలు కశ్మీరు శాలువాల దుకాణం చూసి వచ్చేసింది. ఊరినుంచి తిరిగొచ్చిన వామన్‌రావు పోస్టరు చదివి, పాన్ గొంతుకి అడ్డం పడేదాకా నవ్వాడు.

"మా దిక్కు జీవాలంటే గొర్లు, మేకలే మూర్తిసాబ్. గొర్ల భద్రత మనందరి బాధ్యత అని రాసిన్రు మీరు. జర అడగొద్దా?"

"మా వైపు కాపరులూ అలాగే అంటారండీ. కాకపోతే నాకు పుస్తకంలో మాటే తోచింది గాని వాళ్ళ మాట తోచలేదు."

ఆ కాపరులందరికీ పశువుల దవాఖాన దారి చెప్పి పంపి, మూర్తి స్టూలు మీద కూలబడ్డాడు. కాకినాడలో రైలెక్కిన మాట నాంపల్లిలో గొర్రెగా దిగిందే అని నవ్వొచ్చింది గాని, ఆ వెనకే దిగులొచ్చింది. ఒక మనిషికి జబ్బు రాకుండా ఉండాలని చెప్పడానికి తన దగ్గర మాట లేదు. ఇంత చిన్న సంగతిని ఇంట్లో అమ్మ ఎలా చెప్పేది? భద్రత అని అనేది కాదుగదా.

అలా కూర్చుని ఉండగానే ప్రభావతమ్మ అహల్యని వెంటబెట్టుకుని వచ్చింది. కోడలు ఊరికే నుమాయిష్ చూస్తానందట. తలకి రుమాలు కట్టుకున్న అహల్య బల్ల మీద వరసగా పెట్టిన గొట్టాలని వేళ్ళతో తడుముతోంది. వామన్‌రావు అందరికీ కాఫీ తెప్పించాడు. మూర్తి అలవాటు చొప్పున గ్లాసు ఎత్తి, పెదాలకి తగలకుండా గొంతులో పోసుకున్నాడు. పోసుకుని, "ఇదిగో అమ్మా, బుడ్డ ఇలా తగిలించాలి," అంటూ ఒక పిప్పెట్టు తీశాడు. తీసిన చెయ్యి బుడ్డ దాకా పోలేదు. పద్దెనిమిదేళ్ళ అలవాటు కదా, గొట్టం తిన్నగా నోట్లోకి వెళ్ళింది.

ప్రభావతమ్మ ముక్కున వేలేసుకుంది.

"ఏంది సారూ గిది! గిలాస ఎత్తి పోసుకుంటరు. గొట్టమేమో నోట్ల పెట్టుకుంటరు. మీకంటె ముంగట ఎంతమంది పెట్టుకున్నరో ఏమో. గదంత ఎంగిలి గాదా?"

మూర్తి గొట్టం నోట్లోంచి తీసి, దాని వంక అప్పుడే మొదటిసారి చూస్తున్నట్టు చూశాడు. ఎంగిలి! ఇంట్లో కూతురు కొరికిన జామకాయ ముట్టనివాడు, హోటల్లో కాఫీ కప్పు పెదవికి తాకించుకోనివాడు, రోజూ పదిమంది నోళ్ళు తిరిగిన గొట్టాన్ని నోట పెట్టుకుంటున్నాడు. అది తప్పని ఎన్నడూ తోచలేదు. తెల్లకోటు తొడుక్కునేటప్పుడు ఆచారాన్ని చొక్కాతోబాటు చిలక్కొయ్యకి తగిలిస్తున్నాడు కాబోలు. ఒకే నోరు. ఇంట్లో ఒక మనిషిది, ల్యాబులో ఇంకో మనిషిది.

రెండో పోస్టరు రాయడానికి ఆదివారం దాకా ఆగలేదు. "ఎంగిలి గొట్టం నోట పెట్టకండి." అంతే. ఈసారి గొర్రెలు రాలేదు. టెక్నీషియన్లే ఆగి చదివారు, ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు, మొహాలు చిట్లించుకున్నారు. గెలిచామనుకున్నాడు మూర్తి.

వారం తిరిగేసరికి ఏం జరిగిందో తెలుసునా? ఊళ్ళో ప్రతి టెక్నీషియనూ ఎవరి పిప్పెట్టు వాళ్ళు కొనుక్కున్నాడు. ఒకడు దారం కట్టుకున్నాడు, ఒకడు రంగు పూసుకున్నాడు, ఒకడు పేరు చెక్కించుకున్నాడు. సోమయాజులు సుల్తాన్ బజార్లో కంసాలి దగ్గర తన గొట్టం కొసకి వెండి పొన్ను వేయించుకుని, జేబులో గంధపు చెక్కలా పెట్టుకుని వచ్చాడు.

"భలే చెప్పావురా మూర్తీ. ఇన్నాళ్ళూ తోచనేలేదు సుమా. ఇక నా గొట్టం నాది, నీ గొట్టం నీది. ఎవరి ఎంగిలి వాళ్ళకి ఎంగిలి కాదు గదా!"

ఎంగిలి లెక్క ప్రకారం సోమయాజులు చెప్పినదాంట్లో ఒక్క అక్షరం తప్పు లేదు. బుడ్డలు బుట్టలో అలాగే పడున్నాయి. అంతకుముందు నోటితో లాగడానికి కొంచెం జంకేవాళ్ళు కూడా, సొంత గొట్టం వచ్చాక ధైర్యంగా లాగుతున్నారు.

"మందు వికటించింది మూర్తిసాబ్," అన్నాడు వామన్‌రావు. "పైకి ఏం రాయమంటరు? సంఘమంత శుభ్రమైంది, రోగం మాత్రం గట్లనే ఉన్నదని రాయాల్నా?"

రేపటితో ఎగ్జిబిషన్ ముగుస్తుందనగా మూర్తి అహల్య ఇంటికి వెళ్ళాడు. జరిగింది చెప్పి, తనవల్ల కాలేదన్నాడు. అహల్య తల మీది రుమాలు సవరించుకుంది. తరవాత తనలో తను అనుకుంటున్నట్టు అంది:

"ఆనాడు గూడ నా గొట్టం నాదే ఉండె సార్. నా చేతులతోని ఉడకబెట్టుకున్న. వేరేటోళ్ళది ముట్టనే లేదు."

"మరి?"

"మరేంది సార్. గొట్టం నాదే. గొట్టంల ఉన్నది నాదా?"

మూర్తి ఉస్మాన్‌గంజ్ నుంచి ఇంటిదాకా నడిచే వచ్చాడు. నడుస్తున్నంతసేపూ నాలుక చివర ఏదో తగులుతున్నట్టే ఉంది. అది ఏమిటో ఆయనకి తెలుసు. తెలియడమే అసలు చిక్కు.

ఆఖరి రోజు మధ్యాహ్నం దుకాణం వెనక గుడారంలో సంఘం వాళ్ళందరినీ కూర్చోబెట్టారు. వామన్‌రావు ఒక పక్క, ప్రభావతమ్మా అహల్యా ఇంకో పక్క. డాక్టరుగారి గడువు ఆ రోజుతో సరి. మూర్తి లేచి నిలబడ్డాడు. కాగితం ఏమీ తెచ్చుకోలేదు.

"పద్దెనిమిదేళ్ళలో నా నాలుకకి చుక్క తగల్లేదని మీ అందరికీ చెప్పాను. చెప్పానా లేదా?"

"చెప్పావురా నాయనా," అన్నాడు సోమయాజులు. "చెప్పి చెప్పి మా చెవులకి చిల్లులు పొడిచావు."

"మీకూ తగల్లేదు గదా?"

"ఎందుకు తగుల్తుంది?"

"సరే. మరి సీరం రుచి ఎలా ఉంటుంది?"

"ఉప్పగా!"

గుడారం గుడారమంతా ఒక్క గొంతుతో అంది. ముసలివాళ్ళూ, కొత్తవాళ్ళూ, బడిపిల్లలు ఎక్కం అప్పజెప్పినట్టు. అన్నాక గాని ఏమన్నారో వాళ్ళకి తెలియలేదు. బయట రంగులరాట్నం కిర్రుమని తిరుగుతున్న చప్పుడు వినిపించింది.

"నాకూ తెలుసు," అన్నాడు మూర్తి మెల్లగా. "ఎన్నిసార్లు తగిలిందో లెక్కే లేదు. మొదటిసారి తగిలిన రోజున నాకు నేర్పినాయన నవ్వాడు. అహల్యకి తగిలిన రోజున నేను నవ్వాను. సోమయాజులుగారూ, మీ ఇంట్లో దేవుడికి చూపించకముందు చారులో ఉప్పు చూస్తారా?"

"రామ రామ. ఎలా చూస్తాంరా?"

"వండిన చారులో ఉప్పు చూడనివాళ్ళం, రోగి రక్తంలో ఉప్పు చూశాం. గొట్టానికి వెండి వేయించుకోండి, బంగారం వేయించుకోండి. గొట్టం మనదే, అందులో ఉన్నది రోగి ఎంగిలి. ఆయన మనకి పెట్టనూ లేదు, తినమననూ లేదు."

మొదట్లో రాసిపెట్టుకోమన్న మాట ఉంది చూశారూ, అది ఇప్పుడు నిశ్చింతగా చెరిపేయండి. అంత నోరు లోకంలో ఎవరికీ లేదు. మూర్తి కళ్ళు మూసుకుని లాగేవాడన్నదీ కోతే. రెండు కళ్ళూ చించుకుని చూసినా ఒక్కోసారి గీత దాటేది.

సోమయాజులు జేబులోంచి వెండి పొన్ను గొట్టం తీసి, చాలాసేపు దాని వంక చూశాడు. ముప్పై ఏళ్ళ పనితనం ఆ పెదాల్లో ఉంది. అది ఒక్క మాటతో పోయేటప్పుడు మనిషి మొహం ఎలా ఉంటుందో అందరూ చూశారు. మూర్తి చూడలేక తల తిప్పుకున్నాడు. తన మొహం కూడా అలాగే ఉండి ఉంటుందని ఆయనకి తెలుసు.

"ఏదీ, ఇలా తే ఆ హారను," అన్నాడు సోమయాజులు చివరికి.

బుడ్డ తగిలించి, గ్లాసులో నీళ్ళలో ముంచి, నొక్కి వదిలాడు. నీళ్ళు గీత దాటి, గొట్టం దాటి, బుడ్డలోకి ఎగిరి, తీసి చూస్తుంటే ఆయన మొహాన్నే చిమ్మాయి. కొత్తవాడొకడు కిసుక్కున నవ్వాడు. ఆ నవ్వు ఇంకొకడికి అంటుకుంటూ ఉంది.

"నవ్వకుండ్రి!" ప్రభావతమ్మ లేచి నిలబడింది. "ఆ పెద్దాయన నేర్సుకుంటున్నడు. నవ్వుతరనే గద నా కోడల్ని ఇంట్ల కూసోబెట్టుకున్నది. నవ్వేటోడు వచ్చి తను పట్టి చూపియ్యాలె."

ఎవరూ వచ్చి చూపించలేదు గాని, ఒక్కొక్కరే లేచి బుట్టలోంచి తలా ఒక బుడ్డ తీసుకున్నారు. వామన్‌రావు గ్లాసులన్నిటిలో నీళ్ళు నింపాడు. ఆ మధ్యాహ్నమంతా గుడారంలో పుస్ పుస్‌మని ఒకటే చప్పుడు. కొందరికి పొద్దు వాలేసరికి పట్టుబడింది, సోమయాజులుకి పట్టుబడలేదు. ఆయన బుడ్డని పై జేబులో పెట్టుకుని, ఎవరితోనూ మాట్లాడకుండా వెళ్ళిపోయాడు. వెండి పొన్ను గొట్టం బల్ల మీదే ఉండిపోయింది.

"రేపు పొద్దున తోలుకొస్త సారూ," అంది ప్రభావతమ్మ.

తోలుకొచ్చింది కూడా. అహల్య మైక్రోస్కోపు మీద దుమ్ము తుడిచి, స్టూలు తన ఎత్తుకి సరిచేసుకుని, పని మొదలుపెట్టింది. పక్క బల్ల దగ్గర మూర్తి ఒకే సీరాన్ని నాలుగోసారి లాగుతున్నాడు. నోటికి తెలిసిన గీత వేళ్ళకి తెలియడం లేదు. ఉన్నచోటే మళ్ళీ మొదటి తరగతిలో చేరినట్టుంది ఆయనకి. అహల్య ఒకసారి ఇటు చూసింది. చూసి, నవ్వకుండా, తన పని తను చేసుకుంది.

ఇక నా మాట ఒకటి. గుడారమంతా ఒక్క గొంతుతో 'ఉప్పగా' అందని చెప్పాను. అది నా కల్పన. పైకి అన్నది సోమయాజులు ఒక్కడే. తక్కినవాళ్ళు తలలు వంచుకుని, ఎవరి గొట్టాలు వాళ్ళు జేబుల్లోకి తోసుకున్నారు. అంతమంది మాట్లాడకుండా ఊరుకుంటే కాగితం మీద వినపడదేమోనని, నేనే వాళ్ళకి తలా ఒక గొంతు ఇచ్చాను.